తౌడుకు కొన్న పిల్లలు

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న అండాలు. మడత పెట్టిన చీరలు చేతికిస్తూ, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి మొదలుపెట్టింది. "సూసినవా అక్కా, సర్కారు బడిల సీటు లేదంట! మా మనుమణ్ని తీస్కపోతె గేటుకు బోర్డు కట్టిన్రు. పైసలు గట్టే బడిల లేదంటె సమజైతది. పుకట్ బడిల గూడ లేదంటె ఎవలికి జెప్పుకోవాలె?" నాకు నవ్వు ఆగలేదు. ఆమెకు కోపం వచ్చింది. "నవ్వుతవేందక్కా, నా పరేషాన్ నాది" అని చీరలు లెక్క చూసుకోమని కూడా చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం గుడికి పోయి, తిరిగి వస్తూ బడి మీదుగా నడిచాను. బోర్డు నిజంగానే ఉంది. ఈ ఏటికి ప్రవేశాలు పూర్తయ్యాయని, తల్లిదండ్రులు సహకరించాలని రాసి ఉంది. రెండుసార్లు చదివి, చేతులు జోడించాను. స్కూటర్ మీద పోతున్న ఒకామె బండి నెమ్మది చేసి, నేను దేనికి దండం పెడుతున్నానా అని గోడ మీద దేవుడి బొమ్మ కోసం వెతికింది. కనబడక నా వంక ఒకసారి చూసి వెళ్ళిపోయింది. తప్పు ఆమెది కాదు. ఆ గేటులోంచి ఒక్క పిల్ల కూడా లోపలికి పోని రోజులు ఆమె చూసి ఉండదు.

అప్పట్లో మా ఇల్లు శామీర్‌పేట చెరువు దిక్కున ఉండేది. బాపు చేపలు పట్టేవాడు. ఆయన పొద్దు పొడిచేసరికి తడి బట్టలతో తిరిగి వస్తే, నాయనమ్మ, అంటే మా అవ్వ, గంప సర్దుకుని మేడ్చల్ బస్సు ఎక్కేది. గంప నెత్తికెత్తుకునే ముందు దాన్ని కళ్ళకు అద్దుకునేది. ఎత్తాక మాత్రం ఎవరు పలకరించినా పలికేది కాదు. అమ్మకం మాట నోట పడేదాకా వేరే మాట రాకూడదని ఆమె పట్టుదల. నా తల్లి నా చిన్నతనంలోనే పోయింది కనుక ఇల్లు నామీదే ఉండేది. మా ఇంటి వాసన ఏమిటని ఎవరైనా అడిగితే, ఆరీఆరని వల వాసన అని చెబుతాను. ఎండిన నాచు, చెరువు మట్టి, కొద్దిగా కిరసనాయిలు కలిసిన వాసన. మధ్యాహ్నం అన్నం తిని బాపు అరుగు మీద కూర్చొని, వల అంచును కాలి బొటనవేలికి తగిలించి లాగి పట్టుకుని, చినిగిన కళ్ళు అల్లేవాడు. ఎదురుగా బండల మీద బొగ్గుముక్కతో నేను. ఆయన భజనలో నేర్చుకున్న కీర్తన ఒక చరణం చెబుతాడు, నేను రాయాలి. చెయ్యి ఆపడు, తల ఎత్తినట్టే ఉండదు. అయినా "వత్తు మింగినవ్ బిడ్డా" అనేవాడు. అదే నా చదువు. నా ఈడు పిల్లలు చదువుకునే కాలానికి మా ఊళ్ళో బడి లేదు. పక్క ఊళ్ళో ఉండేది, కానీ మధ్యలో చెరువు అలుగు. వానలకు అలుగు పారితే మగపిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని దాటిపోయేవారు. ఆడపిల్లలను ఎవరూ పంపలేదు. మా ఊరికి సొంత బడి వచ్చేసరికి నేను ఓణీ వేసుకునే వయసుకు వచ్చాను. దానికి నాకు ఎన్నడూ బాధ కలగలేదని చెబితే అబద్ధం. కానీ దేవుడి పేరు రాస్తూ అక్షరం నేర్చుకునే భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది? ఆ కృతజ్ఞత బాధకంటే పెద్దది.

మా బడి అప్పట్లో రెండు గదులు, ముందొక వరండా, రైలు పట్టాముక్క గంట. వచ్చిన సార్లు నిలిచేవారు కాదు. అట్లాంటి బడికి సుగుణ టీచర్ వచ్చింది. ఆంధ్ర దిక్కు పట్నంలో పుట్టి పెరిగిన మనిషి. భర్తకు కుత్బుల్లాపూర్‌లో ఏదో కంపెనీలో ఉద్యోగం. బస్సు దిగి, చెరువు కట్ట మీదుగా కొంగు భుజం చుట్టూ కప్పుకుని, గంటకు ముందే వచ్చేది. పిల్లల ముక్కులు తుడిచేది, తలలు దువ్వేది. ఆమె మంచితనంలో లోపం లేదు. ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే బడి ఖాళీ అయింది ఆ మంచితనం వల్లనే.

ఆ ఏడు పాత హాజరు పట్టిక నిండిపోయి కొత్తది వచ్చింది. పేర్లు దించుకుంటూ ఉంటే ఆమెకు పెంటయ్యలు ఇద్దరు, పెంటమ్మలు ముగ్గురు తగిలారు. పొద్దున్నే పసిపిల్లను నిలబెట్టి పెంట అని పిలవడానికి ఆమెకు నోరు రాలేదు. రేపు ఈ పిల్లలు పెద్ద చదువులకు పోతే పదిమందిలో నవ్వులపాలవుతారని అనుకుంది. అందుకని కొత్త పట్టికలో ఒక పెంటయ్యను ప్రభాకర్ అని, ఒక పెంటమ్మను పద్మావతి అని, ఇట్లా ఐదుగురికీ ఐదు పేర్లు తనే పెట్టి రాసేసింది. పేరు మారిన పిల్లలకు తలా ఒక బెల్లం ముక్క కూడా ఇచ్చింది.

ఆ పద్మావతి మా పక్కింటి పోశమ్మ బిడ్డ. బడి నుంచి ఎగురుకుంటూ వచ్చి, "అమ్మా, ఇగ నేను పెంటమ్మను గాను, పద్మావతిని" అంది. పోశమ్మ గడపలో కూర్చొని బియ్యం చెరుగుతోంది. చేతిలో చాట పక్కకు ఒరిగి బియ్యమంతా కింద పోయింది. ఆమె పిల్లను లోపలికి లాక్కుని తలుపు వేసుకుంది. పోశమ్మకు అంతకుముందు నలుగురు పుట్టారు. ఒక్కరికీ ఏడాది నిండలేదు. ఐదోది పుట్టగానే మా అవ్వ ఆ పసిగుడ్డును తీసుకుపోయి ఇంటి వెనక పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. కొంచెం ఎడంగా పోయి, మళ్ళీ ఎవరో పారేసుకున్న పిల్ల తనకు దొరికినట్టు ఎత్తుకుని వచ్చింది. పోశమ్మ చారెడు తౌడు ఇచ్చి, సొంత బిడ్డను మా అవ్వ దగ్గర కొనుక్కుంది. తౌడు విలువ చేసే పిల్ల, పెంటలో దొరికిన పిల్ల, ఎవరి కన్నూ పడని పిల్ల. మృత్యువు కూడా చూసీ చూడనట్టు పోవాలని ఆ పేరు. మా దిక్కున అది తిట్టు కాదు. ఆ పేరు చాటున పిల్లను దాచుకుంటారు. ఆ చాటు తీసేసిన మూడో రోజు పెంటమ్మకు జ్వరం వచ్చింది. వానలు వెనకబడ్డ రోజులు, ఇంటికొకరు జ్వరంతో పడి ఉన్నారు. అది అందరికీ తెలుసు. అయినా వారం తిరిగేలోపు ఐదుగురు పిల్లలూ మానేశారు. తర్వాత మామూలు పేర్లున్నవాళ్ళూ మానేశారు. "ఇయ్యాల పేరు మార్చింది, రేపు ఇంటిపేరు మారుస్తది, ఎల్లుండి తల్లిదండ్రులనే మారుస్తది" అని బాయికాడ ఆడవాళ్ళు అనుకోవడం నేనే విన్నాను.

గంట మాత్రం వేళ తప్పకుండా మోగేది. మోగినప్పుడల్లా ఊళ్ళో ఆడవాళ్ళు చేస్తున్న పని ఆపి, మళ్ళీ చేసుకునేవారు. బడుల తనిఖీకి వచ్చే పెద్దసారు ఒకరోజు వచ్చి ఖాళీ గదులు చూసి, దసరా సెలవులు అయ్యాక వారంలోపు పిల్లలు రాకుంటే ఈ బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తామని సర్పంచ్‌కు చెప్పి పోయాడు. బాపు ఆ మాట చాయ్ హోటల్ దగ్గర విని వచ్చాడు. ఆ మధ్యాహ్నం అరుగు మీద కూర్చున్నాడు కానీ వల తీయలేదు. "అలుగు అవుతలికి ఆడపిల్లలను ఎవలు తోల్తరు?" అన్నాడు. నా వంక చూసి, వెంటనే చెరువు దిక్కుకు తిరిగాడు. ఆ చూపు అవ్వ కూడా చూసింది. మరునాడు ఆమె సల్ల ముంత నా చేతికిచ్చి, "పా సత్తెమ్మా, బడికి పోదాం" అంది. నేను బడి గడప తొక్కడం అదే మొదటిసారి.

సుగుణ టీచర్ ఒక్కతే కుర్చీలో కూర్చొని నల్లబల్లను చూస్తోంది. బల్ల మీద ఆ రోజు తేదీ, కింద ఒక ఎక్కం రాసి ఉన్నాయి.

"ఏం పంతులమ్మా, ఒక్కదానివే సదువుకుంటున్నవా?" అంది అవ్వ.

ఆమె గబుక్కున లేచింది. "రండి మామ్మగారూ. నేనేం తప్పు చేశానో ఒక్కరూ చెప్పట్లేదండీ. ఇళ్ళకెళ్తే తలుపులేసుకుంటున్నారు."

"పెంటమ్మను పద్మావతిని జేసినవ్."

"మంచి పేరే కదండీ!"

"మంచిదే. అందుకే బుగులు, బయం. పోశవ్వ నలుగురికి మస్తు మంచి పేర్లు వెట్టుకున్నది. రాజేశ్వరంట, మాలక్ష్మంట. ఏడున్నరు వాళ్ళు?" అని, పెంటకుప్ప సంగతి, తౌడు సంగతి అన్నీ చెప్పింది అవ్వ. టీచర్ ఓపిగ్గా విని, నొప్పించకుండా ఉండాలని గొంతు తగ్గించి, "అవన్నీ మూఢనమ్మకాలు కదండీ మామ్మగారూ" అంది.

అవ్వకు కోపం రాలేదు. సల్ల తాగమని ముంత ముందుకు జరిపి, "మీ తాత పేరేంది బిడ్డా?" అని అడిగింది.

"పుల్లయ్యగారు. మా నాన్నగారి నాన్న."

"పుల్లయ్య అంటె ఏంది?"

"ఏమోనండీ. పేరంతే."

అవ్వ నవ్వింది. "చెరువు కింద పొలం కొనుక్కున్న మీ దిక్కోళ్ళల్ల పుల్లమ్మ అని ఒకామె ఉండె. చేపలు దీస్కునేటందుకు వస్తే ముచ్చట వెట్టేది. పుట్టినోళ్ళు పుట్టినట్టు పోతాంటె, పసిగుడ్డును అన్నం దిన్న ఆకుల మీద దొర్లిస్తరంట మీ దిక్కున. మాకు పెంట, మీకు ఎంగిలాకు. దాన్ని మీరు పుల్లాకంటరంట."

సుగుణ టీచర్ తాగబోయిన ముంత కింద పెట్టింది. "మా తాతయ్యకి ముందు ముగ్గురు పోయారని నాన్నగారు చెప్పేవారు. అంతకన్నా నేనూ అడగలేదండీ" అంది.

"మా పోరిని మూఢనమ్మకం అంటివి. ఆ పేరు వెట్టకపోతె మీ తాత ఉంటుండెనో లేదో, నువ్వేడికెల్లి పుడుదువు?"

ఆ ప్రశ్నకు శాస్త్రం ప్రకారం ఏం జవాబు చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. టీచర్ "ఇప్పుడు ఏం చెయ్యమంటారు?" అని మాత్రం అడిగింది. అవ్వ అప్పటికే ఆలోచించుకుని వచ్చింది. "తల్లి అయ్యుండి పోశవ్వ తౌడిచ్చి కొనుక్కున్నది. నువ్వు ఊకెనే గుంజుకున్నవ్. గదీ నీ తప్పు. నువ్వు గూడ కొనుక్కో."

"పిల్లల్ని కొనడమా! అమ్మో, ఉద్యోగం పోతుందండీ."

"చారెడు తౌడుకు పోయే నౌకరి ఎంత నౌకరి తియ్యి!" అని అవ్వ లేచింది.

జ్వరం తగ్గి పెంటమ్మ వాకిట్లో తిరుగుతున్న రోజు చూసుకుని, పొద్దున్నే టీచర్ మా ఇంటికి వచ్చింది. అవ్వ ఇచ్చిన తౌడు కొంగులో పోసుకుని, చెప్పులు మా అరుగు కింద విడిచి, పోశమ్మ వాకిట్లోకి నడిచింది. ఊళ్ళో సగంమంది గోడల వెంట నిలబడి ఉన్నారు. పోశమ్మ గడప మీద బిడ్డను కాళ్ళ మధ్య ఇరికించుకుని, రెండు చేతులూ పిల్ల ఛాతీ మీద కట్టుకుని నిలబడింది.

"పోశమ్మగారూ, మీ పెంటమ్మని నాకివ్వండి" అంది టీచర్. ఆ పేరు ఆమె నోటి నుంచి రావడం అందరం విన్నాం.

పోశమ్మ బిడ్డను ఇంకా దగ్గరికి హత్తుకుంది. ఎవరో "ఇయ్యకే" అన్నారు, ఎవరో వాళ్ళను ఊరుకోమన్నారు. "పొద్దుగూకినంక మల్ల ఇస్తవా?" అంది చివరికి పోశమ్మ.

"ఇస్తాను."

"గీ పేరుతోనే ఇస్తవా?"

"ఈ పేరుతోనే."

పోశమ్మ ఒక చెయ్యి తీసి పట్టింది, తౌడు తీసుకుంది. రెండో చెయ్యి తీయడానికి ఇంకొంత సేపు పట్టింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. పిల్ల టీచర్ వేలు పట్టుకుని కట్ట మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఆమె ఊపిరి వినబడలేదు. ఆ రోజు కూలికి పోలేదు, పొయ్యి వెలిగించలేదు. సాయంత్రం గంట మోగకముందే అదే తౌడు కొంగున కట్టుకుని బడి ముందు నిలబడి, బిడ్డను తిరిగి కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంది. మరునాడూ అంతే. పదిరోజుల పాటు అమ్మడం, కొనడం సాగింది. పిల్లకు తుమ్ము కూడా రాలేదు. ఆ తర్వాత మిగతా పెంటమ్మల, పెంటయ్యల తల్లులు వచ్చారు. వాళ్ళ వెనక, ఏ పేరు భయమూ లేని తల్లులు కూడా వచ్చి, "మా పోరడ్ని గూడ కొనుక్కో పంతులమ్మా, వాన్ని జర నువ్వే భరించు" అని అడగడం మొదలైంది. పిల్లలు ఆమెను టీచర్ అనడం మానేసి కొన్నమ్మ అన్నారు. మొదట ఆమె సిగ్గుపడేది. తర్వాత ఆ పిలుపుకే పలికేది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. మా దిక్కున బిడ్డను కొన్న మనిషి ఊరికే పోదు, చుట్టమైపోతుంది. పండగకు ఆమె వాటా ఆమెకు పోవాలి, ఆమె ఇంటి పని మన పని. అందుచేత బడి గోడ పెచ్చులూడి ఉంటే చూస్తూ ఊరుకోవడం ఇక ఎవరికీ కుదరలేదు. పోశమ్మే మొదట తట్టెడు ఎర్రమన్ను తెచ్చి వరండా గోడ అలికింది. మగవాళ్ళు పెంకులు తిరగేశారు. కోతులు రాకుండా బాపు ఒక పాత వల కిటికీలకు బిగించాడు. చంటి తమ్ముళ్ళను ఎత్తుకోవాలని చాలామంది ఆడపిల్లలు బడి మానేవారు. ముసలమ్మలు వంతులు వేసుకుని వరండాలో కూర్చొని ఆ చంటివాళ్ళను ఆడించారు. మా అవ్వది మంగళవారం వంతు. పట్టికలో కొట్టివేతలు కుదరవని టీచర్ పై ఆఫీసులో బతిమాలుకుని ఇంకొకటి తెచ్చింది. దానిలో పేర్లు రాసింది నేను. ఒక్కొక్క తల్లి వచ్చి చెబుతుంటే, చెప్పిన పేరు చెప్పినట్టు, ఒక్క వత్తు మింగకుండా రాశాను. ఆ తర్వాత టీచర్ చిన్నపిల్లల్ని నా ముందు కూర్చోబెట్టి, వరండా బండల మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించమంది. నాకు ఏ చదువు కాగితమూ లేదని గుర్తు చేశాను. "నాకు తెలుసు సత్తెమ్మా, మొదలుపెట్టు" అంది.

దసరా సెలవులయ్యాక పెద్దసారు వచ్చాడు. గదుల్లో చోటు లేక వరండాలో కూడా పిల్లలే. అనుమానమొచ్చి పట్టిక తెప్పించుకుని తనే పేర్లు పిలిచాడు. పెంటమ్మ అని చదివి నవ్వాడు. వల బిగించిన కిటికీ బయట నుంచి పోశమ్మ గొంతు వినిపించింది. "నవ్వకు సారూ. ఇంటికి పొయ్యి మీ అమ్మనడుగు, నిన్ను బతికించుకునేటందుకు ఏం పేరు వెట్టిందో." ఆయన ముఖం ఎర్రబడింది. తర్వాత ఏమనుకున్నాడో, మళ్ళీ "పెంటమ్మ" అని సరిగ్గా పిలిచాడు. పిల్ల లేచి "హాజర్ సార్" అంది. బడి నిలిచింది. అలుగు అవతలికి ఎవరూ పోవలసిన పని రాలేదు.

ఇప్పుడు ఆ రెండు గదుల చోట మేడ ఉంది. పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే నాలుగు భాషలు వినబడతాయి. సూరారం దిక్కు కంపెనీలలో, ఇక్కడి కట్టడాల మీద పనికి వచ్చినవాళ్ళ పిల్లలే చాలామంది. తల్లుల కమిటీ ఉంది, వాళ్ళకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది, వంట బాగాలేకపోతే మధ్యాహ్నం లోపే ఫొటో వస్తుందట. మేము చేసినదానికన్నా వాళ్ళు చేసేది పద్ధతిగా ఉంది, నేను ఒప్పుకుంటాను. ఒక్కటి మాత్రం చూశాను. పిల్లల పేర్లు ఇప్పుడు అన్నీ అందంగా ఉన్నాయి. ఏ తల్లీ తన బిడ్డకు అందమైన పేరు పెట్టడానికి భయపడటం లేదు. సూదిమందులు వచ్చాయి, ఆసుపత్రులు వచ్చాయి, పిల్లలు బతుకుతున్నారు. ఆ రోజులే బాగుండేవని ఎవరైనా అంటే నేను ఈ ఒక్క కారణానికి ఒప్పుకోను. స్వామి దయవల్ల ఈ కాలం చూడగలిగాను.

ఆ పిల్ల పెంటమ్మ ఇప్పుడు రావల్‌కోల్‌లో ఉంటుంది, మనుమలున్నారు. ఆధార్ కార్డులో పేరు మార్పించుకోమని కొడుకులు పోరితే వద్దందట. సుగుణ టీచర్ ఫొటో బడి ఆఫీసు గదిలో ఉంది, దండ వేస్తారు, అది న్యాయమే. మా అవ్వను తలుచుకోవడానికి నేనున్నాను. కానీ లెక్కకు చూస్తే, ఆ పొద్దున టీచర్‌కు పోయేదేమైనా ఉంటే ఇంకో ఊరికి బదిలీ, అవ్వకు పోయేది మాట, నాకు పోయేది ఏమీ లేదు. నలుగురిని మట్టిలో పెట్టి, మిగిలిన ఒక్కదాన్ని, నమ్మిన కాపుదలను చెరిపేసిన చేతికే అందించింది పోశమ్మ. ఆమెకు సంతకం రాదు. ఆమె ఫొటో ఎక్కడా లేదు. ఈ నాలుగు మాటలు చదివిన మీకు ఏ బడి గేటు దగ్గరైనా పిల్ల చెయ్యి వదిలి నిలబడిపోయిన తల్లి కనబడితే, పోశమ్మ పేరు ఒక్కసారి మనసులో అనుకోండి. అంతే అడుగుతున్నాను.